ప్రశ్నను చెరిపేసినవాళ్ళం

హైదరాబాదు, బెంగళూరు, డల్లాస్, న్యూజెర్సీల్లో పనిచేసే తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కోసం వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో, లింక్డ్‌ఇన్‌లో గ్రూపులు నడుపుతున్న అడ్మిన్లలో నేనొకణ్ణి. నేనిక్కడ రాసేది ఏ ఒక్క గ్రూపు గురించో కాదు. పేర్లు వేరు, ప్రొఫైల్ బొమ్మలు వేరు, నడక మాత్రం అన్నిటిదీ ఒకటే. చదువు పూర్తిచేసుకొని ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకు ఆసరాగా ఉంటామని మొదలుపెట్టాం. కొన్నేళ్ళు తిరిగేసరికి ఆ పిల్లలను దళారుల చేతికి అందించే చోటుగా మార్చేశాం. మాలో మేం గుసగుసగా అనుకునే ఈ మాటను బయట ఎవరూ అనడం లేదు. అనక తప్పదని రాస్తున్నాను.

మా పతనం అంకెలతో మొదలైంది. వాట్సాప్ గ్రూపులో వందమందికే చోటున్న రోజుల్లో ఎవరు ఏ కంపెనీయో, ఎవరిది ఏ ఊరో దాదాపు తెలిసేది. 2016లో ఆ పరిమితి 256కి పెరిగింది. అది నిండితే రెండో గ్రూపు, రెండోది నిండితే మూడోది. 2022లో ముందు 512 అయింది, ఆ ఏడాది ముగిసేలోపే 1,024 అయింది. టెలిగ్రామ్‌లోనైతే 2 లక్షల మంది దాకా పడతారు. అడ్మిన్లం ఎప్పుడు కలిసినా మాట్లాడుకున్నది గ్రూపు నిండిందా లేదా అనే. ఇన్వైట్ లింకును లింక్డ్‌ఇన్ పోస్టుల్లో పెట్టాం, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల గ్రూపుల్లోకి పంపాం, కాలేజీల ప్లేస్‌మెంట్ సార్లకు ఇచ్చాం. చేరేవాళ్ళను అడ్మిన్ చూసి ఆమోదించే ఏర్పాటు తర్వాత వచ్చింది. దాన్ని వాడినవాళ్ళు మాలో బహు కొద్దిమంది. రోజూ వచ్చే రిక్వెస్టులు చూస్తూ కూర్చోవడానికి తీరిక లేదన్నాం. అసలు కారణం వేరు. గ్రూపు పెద్దదయ్యేకొద్దీ మా విలువ పెరిగింది. కన్సల్టెన్సీల నుంచి ఫోన్లు వచ్చాయి, ట్రైనింగ్ సంస్థలు వేదికల మీదికి పిలిచాయి, రిక్రూటర్లు పేరు పెట్టి ‘గారూ’ అనడం మొదలుపెట్టారు. ఆ మర్యాదలకు అలవాటుపడ్డాం.

మేలు అసలే జరగలేదని అనను. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేసినప్పుడు అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్ళకు 60 రోజుల గడువు మొదలైంది. ఆలోపు ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా పిల్లల బడి మధ్యలో మాన్పించి సామాను సర్దుకోవాలి. అప్పుడు ముక్కూమొహం తెలియని వాళ్ళకోసం రాత్రుళ్ళు కూర్చొని రెజ్యూమెలు దిద్దినవాళ్ళు, తమ మేనేజరును బతిమాలి ఇంటర్వ్యూ ఇప్పించినవాళ్ళు మా గ్రూపుల్లో ఉన్నారు. ఆ పని సభ్యులు చేశారు. అడ్మిన్లుగా మా వంతు పని వేరే ఉంది, అది మేం చేయలేదు.

మేం ఆపాల్సిన మోసపు పోస్టు ఇలా ఉండేది: ‘ఫ్రెషర్స్, 2021 నుంచి 2024 పాసౌట్స్, ఎంఎన్‌సీలో బ్యాక్ డోర్ ఓపెనింగ్స్, ఇంటర్వ్యూ నామమాత్రం, ఆఫర్ లెటర్ తర్వాతే ఫుల్ పేమెంట్, కొన్ని పొజిషన్లే ఉన్నాయి, ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళు పర్సనల్‌గా పింగ్ చేయండి.’ కింద ఒక ఫోన్ నంబరు. రాత్రి పదకొండు దాటాక, అడ్మిన్లు పడుకున్నాక పడేది. తెల్లారేసరికి దానికింద వరసగా ‘ఇంట్రెస్టెడ్’, ‘ఇంట్రెస్టెడ్ సార్’, ‘ప్లీజ్ కాల్ మీ బ్రో’. అడక్కుండానే కొందరు తమ ఫోన్ నంబరు, పాసైన సంవత్సరం, బ్యాక్‌లాగ్‌లు ఎన్నో కూడా రాసేసేవాళ్ళు. గ్రూపులో ఉన్న ప్రతి మోసగాడికీ ఆ వరస ఒక సిద్ధమైన జాబితా. దాన్ని వాళ్ళకు మేం రోజూ ఉచితంగా ఇచ్చాం.

ఫుల్ పేమెంట్ తర్వాతే అన్నాడంటే అడ్వాన్సు ముందే ఉంటుందని అర్థం. ముందు రిజిస్ట్రేషన్ పేరుతో కొంత, డాక్యుమెంట్ల పేరుతో ఇంకొంత. ఆపైన ఒక ఆఫర్ లెటర్ వస్తుంది. దాని మీద కంపెనీ లోగో సరిగ్గానే ఉంటుంది, పంపిన ఈమెయిల్ అడ్రసు మాత్రం ఆ కంపెనీది కాదు. మిగతా డబ్బు కట్టాక జాయినింగ్ తేదీ జరుగుతూ పోతుంది. ఇంకో రకంలో మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో నిజంగానే ఒక ఆఫీసు ఉంటుంది, ట్యాగ్ ఇస్తారు, ట్రైనింగ్ అంటారు, రెండు మూడు నెలలు జీతం కూడా వేస్తారు. అది వాళ్ళు కట్టిన డబ్బులోంచే వేసిన జీతం. ఒక సోమవారం వెళ్ళేసరికి బోర్డు ఉండదు. పోలీస్ స్టేషన్ ముందు నిలబడ్డ పిల్లల ఫోటో పేపర్లో వస్తుంది. ఆ వార్త క్లిప్పింగును మేమే గ్రూపులో పెట్టి ‘జాగ్రత్తగా ఉండండి ఫ్రెండ్స్’ అని రాశాం. అదే వారంలో పైన రాసినలాంటి పోస్టు మా గ్రూపులో ఉంది.

ఒకరోజు గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి గ్రూపులో అడిగింది: ‘అడ్మిన్ గారూ, ఈ కన్సల్టెన్సీ జెన్యూనేనా? ఇందులో జాయిన్ అయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టి కట్టాం. జాయినింగ్ డేట్ ఇప్పటికి మూడుసార్లు మార్చారు. ఫోన్ ఎత్తడం లేదు.’ కన్సల్టెన్సీ పేరుతో సహా అడిగింది. దాన్ని నడిపే మనిషి మాలో ఒక అడ్మిన్‌కు స్నేహితుడు. అంతకు ముందటి గెట్ టుగెదర్‌లో అందరికీ భోజనాలు పెట్టించినవాడు. నిమిషాల్లో అడ్మిన్ల గ్రూపు వేడెక్కింది. ‘ఇది గ్రూపులో మాట్లాడే విషయం కాదు’ అని ఒకరు. ‘ఆయన మనకు ఎప్పటినుంచో తెలుసు, ఏదో డిలే అయి ఉంటుంది’ అని ఇంకొకరు. ‘గ్రూపు వాతావరణం పాడవుతుంది’ అని మరొకరు. ఇతరులు పెట్టిన మెసేజిని అందరికీ కనపడకుండా తీసేసే అధికారం అడ్మిన్లకు వాట్సాప్ 2022లో ఇచ్చింది. అంతకు ముందు మోసపు ప్రకటనల గురించి ఎవరు నిలదీసినా, తీసేయడం మా చేతుల్లో లేదని చెప్పేవాళ్ళం. అధికారం చేతికొచ్చాక మేం దాన్ని వాడింది ఆ అమ్మాయి ప్రశ్న మీద. ప్రకటన అలాగే ఉంది. ‘అమ్మా, పర్సనల్‌గా మాట్లాడి సెటిల్ చేసుకోండి’ అని ఆమె ఎత్తడం లేదని చెప్పిన నంబరునే మళ్ళీ ఆమెకు పంపాం.

ఆ ప్రశ్న గ్రూపులో ఒక్కరోజు ఉండి ఉంటే కట్టబోతున్నవాళ్ళు ఆగేవాళ్ళు. కట్టినవాళ్ళు ఒకరికొకరు దొరికేవాళ్ళు. పదిమంది కలిసి ఫిర్యాదు చేసేవాళ్ళు. మోసగాడికి కావలసింది బాధితులు ఎవరికి వారుగా ఉండటం. మేం చేసిన ఉపకారం సరిగ్గా అదే.

మాకు నియమాలు లేవా? ఉన్నాయి. గ్రూపు డిస్క్రిప్షన్‌లో మొదటి వరసలోనే రాసి ఉంటుంది, ఉద్యోగానికి డబ్బు అడగరాదని. ఆ నియమాలతో మేం ఎవరిని తీసేశామో చెబుతాను. తన యూట్యూబ్ చానల్ లింకు పెట్టిన కుర్రాణ్ణి. ఒకే రెజ్యూమెను మూడు గ్రూపుల్లో పెట్టిన ఫ్రెషర్‌ను. గుడ్ మార్నింగ్ బొమ్మలు పెట్టిన పెద్దాయనను. వీళ్ళను తీసేయడానికి ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరూ నొచ్చుకోరు. డబ్బు తీసుకొని రిఫరల్స్ ఇచ్చే డెలివరీ మేనేజరును, అతని సంగతి మాలో సగంమందికి తెలిసి కూడా, ఒక్కసారి హెచ్చరించలేదు. రేపు మన తమ్ముడికో మేనల్లుడికో అతనితో పని పడవచ్చు. ఆ మొహమాటమే మా గ్రూపుల్లో నిజంగా అమలైన నియమం.

జాబ్ సపోర్ట్ సంగతీ అంతే. అమెరికాలో ఉద్యోగంలో చేరినవాడికి ఆ పని రాదు. ఇక్కడ హైదరాబాదులో ఒకడు రాత్రి మేలుకొని, స్క్రీన్ షేర్‌లో ఆ పని చేసిపెట్టి నెలనెలా డబ్బు తీసుకుంటాడు. ఆ పోస్టులను మేం ఉద్యోగ ప్రకటనలతో సమానంగా ఉండనిచ్చాం. ప్రాక్సీ ఇంటర్వ్యూలను, మూతపడ్డ కంపెనీల పేరున అనుభవ పత్రాలు, పే స్లిప్పులు తయారుచేసి ఇచ్చేవాళ్ళను కూడా ఉండనిచ్చాం. పొట్టకూటి కోసం చేసుకుంటున్నారులే అన్నాం, అందరూ చేస్తున్నదేగా అన్నాం. 2022 నవంబరులో యాక్సెంచర్, మన దేశంలో బూటకపు కంపెనీల అనుభవ పత్రాలతో చేరినవాళ్ళను తీసేశామని బయటికే ప్రకటించింది. అలా ఉద్యోగం పోయినవాడి మీద ఆ మచ్చ ఉంటుంది. తయారుచేసి ఇచ్చినవాడు మా గ్రూపులో అదే నంబరుతో అదే పోస్టు మళ్ళీ పెడతాడు. నిజంగా చదువుకొని, నిజంగా అనుభవం సంపాదించిన పిల్లవాడు ఇంటర్వ్యూలో కూర్చుంటే, అవతలివాళ్ళు అతని ఊరు పేరు చూసి ముందు అనుమానించి తర్వాత ప్రశ్నలు వేస్తున్నారు. ఈ అనుమానం ఆ పిల్లవాడు సంపాదించుకున్నది కాదు.

హెచ్చరికలు లేక మోసపోయామనీ అనలేం. 2019 జనవరిలో అమెరికాలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది అక్కడి ప్రభుత్వ అధికారులే వలగా నడిపిన నకిలీ విశ్వవిద్యాలయం. కమీషన్ తీసుకొని విద్యార్థులను అందులో చేర్పించారని కేసులో ఇరుక్కున్న 8 మందీ తెలుగువాళ్ళే. మనవాడు చెప్పాడు కదా అన్న నమ్మకమే ఆ పిల్లలను ముంచింది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు కంబోడియా ముఠాను బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్ళి, అక్కడ నిర్బంధించి, మన దేశంలోని మనుషులకే ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు శిబిరాల నుంచి 549 మంది భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. విదేశీ ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. లైసెన్సు ఉన్నవాడైనా 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి వసూలు చేయకూడదు. ‘థాయిలాండ్‌లో కస్టమర్ సపోర్ట్, టికెట్ ఫ్రీ’ అన్న పోస్టు మా గ్రూపుల్లో పడ్డప్పుడు ఆ పోర్టల్ తెరిచి చూసిన అడ్మిన్ ఒక్కడైనా ఉన్నాడా అంటే, నాకు తెలిసి లేడు.

చేతకాక చేయలేదని చెప్పుకొనే వీలు కూడా మాకు లేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో అల ఊపిరాడనీయనప్పుడు ఇవే గ్రూపులు, ఇదే అడ్మిన్లు. ఆక్సిజన్ సిలిండరు ఉందంటూ ఒక నంబరు వస్తే, దాన్ని గ్రూపులో పెట్టేముందు ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కునేవాళ్ళు. ‘వెరిఫైడ్, సాయంత్రం 4.30’ అని రాసి పెట్టేవాళ్ళు. నంబరు పనిచేయకపోతే పెట్టినవాళ్ళే వెంటనే తీసేసేవాళ్ళు. ముందే డబ్బు అడిగేవాడి నంబరును అందరికీ కనపడేలా ఎర్ర గుర్తుతో పెట్టేవాళ్ళు. వాడు ఎవరి స్నేహితుడని ఎవరూ అడగలేదు. వంతులు వేసుకొని రాత్రంతా మేలుకున్నాం. అంటే మాకు ఆ పని తెలుసు, చేసి చూపించాం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసినదాన్ని, అమ్మ గొలుసు మీదికి వచ్చినప్పుడు చేయలేదు. ఆ నెలల్ని తలుచుకొని గర్వపడే హక్కు మాకు ఎంత ఉందో, అంతకంతా సిగ్గుపడాల్సినదీ ఉంది.

మా వెనకడుగుకు చట్టాన్ని కూడా అడ్డం పెట్టుకున్నాం. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ను నేరస్థుణ్ణి చేయలేమని 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. ఆ తీర్పుల వార్తలు అడ్మిన్ల గ్రూపుల్లో పండగలా తిరిగాయి. తీర్పులు సరైనవే. ఎవడో రాసినదానికి ఇంకొకణ్ణి జైల్లో వేయడం ఏ రకంగానూ న్యాయం కాదు. కోర్టు చెప్పింది నేరం గురించి. మేం దాన్ని బాధ్యతే లేదన్న అర్థంలో చదువుకున్నాం. తెలిసి ఉండనివ్వడం, అడిగినవాళ్ళ నోరు నొక్కడం ఆ తీర్పుల కిందికి రావు.

ఆడవాళ్ళ విషయం రాయకపోతే ఇది సగం ఒప్పుకోలే అవుతుంది. పెళ్ళి, పిల్లల తర్వాత మళ్ళీ ఉద్యోగంలో చేరాలనుకున్న ఒకామె రెజ్యూమె పెడుతుంది. అందులో ఫోన్ నంబరు ఉంటుంది. ఆ సాయంత్రం నుంచి తెలియని నంబర్ల నుంచి ‘హాయ్’, ‘మేడమ్ ఫ్రీయా’, ‘డీపీ బాగుంది’. స్క్రీన్‌షాట్లు తీసి అడ్మిన్‌కు పంపితే మా జవాబు ఒక్కటే: ‘బ్లాక్ చేసేయండి మేడమ్.’ పంపినవాడు గ్రూపులోనే ఉంటాడు, ఇంకొకామె రెజ్యూమె కోసం చూస్తూ. 2022 ఆగస్టు నుంచి వాట్సాప్‌లో గ్రూపు వదిలి వెళ్ళేవాళ్ళ గురించిన నోటీసు అందరికీ రావడం ఆగిపోయింది, అడ్మిన్లకే వస్తుంది. అంటే ఒకరి తర్వాత ఒకరుగా ఆడవాళ్ళు వెళ్ళిపోవడం వెయ్యి మందిలో ఎప్పటికప్పుడు మాకే తెలిసింది. ఎందుకు వెళ్ళారని ఒక్కరినీ అడగలేదు. ఆ తర్వాత మీటింగుల్లో ‘మన గ్రూపుల్లో లేడీస్ యాక్టివ్‌గా ఉండరండీ’ అని మాట్లాడుకున్నాం.

కులం ముచ్చట ఇంకా బరువైనది. కులం కంటే ముందు పైకి వచ్చింది ప్రాంతం గొడవ. రాష్ట్ర విభజన నాటి గొడవల్లో గ్రూపులు అటూ ఇటూ చీలాయి. 2014 జూన్ తర్వాత అది కొంత సద్దుమణిగింది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ పార్టీల పేరుతో మళ్ళీ రాజుకుంది. అది పైకి కనపడే గొడవ కాబట్టి మేం ‘నో పాలిటిక్స్’ అని రాసిపెట్టి ఊరుకున్నాం. కనపడనిది ఏమిటంటే, మాలో చాలామంది ఇంకో గ్రూపులో కూడా అడ్మిన్లు. అక్కడ సభ్యత్వం ఇంటిపేరు చూసి ఇస్తారు. మంచి ఓపెనింగ్, రిఫరల్ బోనస్ ఉన్నది, మేనేజరు మనవాడే అయినది ముందు అక్కడికి వెళ్తుంది. మిగిలినవి అందరి గ్రూపులోకి వస్తాయి. మా తరం ఊళ్ళో వదిలేసి వచ్చామని చెప్పుకునే గోడను ఫోన్లో కట్టుకున్నాం. ఎస్సీ హాస్టల్లో చదివి మా గ్రూపులో చేరిన కుర్రాడికి ఆ రెండో గ్రూపు ఉన్నట్టు కూడా తెలియదు. తనకు ఇంటర్వ్యూలు ఎందుకు రావడం లేదో అతను తన రెజ్యూమెలోనే వెతుక్కుంటూ ఉంటాడు. నేనూ అలాంటి గ్రూపులో ఉన్నాను. చాలా ఆలస్యంగా బయటికి వచ్చాను. ఆ ఆలస్యానికి సమర్థన లేదు.

ఇలా కాక ఇంకెలా నడపగలరని అడిగేవాళ్ళకు మన భాషలోనే జవాబు ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను నడిపేదీ జీతంలేని మనుషులే. అక్కడ నిర్వాహకుణ్ణి సభ్యులే బహిరంగంగా చర్చించి ఎన్నుకుంటారు. ఎవరిని నిరోధించారు, ఏ పేజీని ఎందుకు తొలగించారు అన్నది చిట్టాలో ఉంటుంది, ఎవరైనా తెరిచి చూడవచ్చు. నిర్వాహకుడి నిర్ణయం నచ్చకపోతే రచ్చబండలో అందరి ముందూ నిలదీయవచ్చు. తగాదాలు అక్కడా ఉన్నాయి, కానీ చీకట్లో జరగవు. మా గ్రూపుల్లో అడ్మిన్‌ను ఎవరూ ఎన్నుకోలేదు, గ్రూపు పెట్టినవాడే అడ్మిన్, వాడి స్నేహితులే మిగతా అడ్మిన్లు. తీసేసిన పోస్టుకు లెక్క లేదు, తీసేసిన మనిషికి కారణం చెప్పే ఆనవాయితీ లేదు. మా కంచె చేనును మేస్తుంటే చూసేవాళ్ళు లేకుండా మేమే ఏర్పాటు చేసుకున్నాం.

తోటి అడ్మిన్లను అడుగుతున్నాను. ఉద్యోగానికి డబ్బు అడిగినవాణ్ణి, వాడు మన గెట్ టుగెదర్‌కు భోజనాలు పెట్టినవాడైనా సరే, పేరు చెప్పి తీసేయండి. కారణం గ్రూపులోనే రాయండి. ఎవరైనా ‘ఇది జెన్యూనేనా’ అని అడిగితే ఆ ప్రశ్నను పిన్ చేయండి. ఆడవాళ్ళ ఇన్‌బాక్సులో పడ్డవాణ్ణి ఆ రోజే బయటికి పంపండి. ఇవన్నీ చూసే తీరిక లేకపోతే గ్రూపును చిన్నది చేయండి, అదీ కుదరకపోతే మూసేయండి.

సభ్యులకు ఒక మాట. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు మా జవాబు కోసం ఎదురుచూడకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మీ గ్రూపు అడ్మిన్‌ను ఈ ఏడాది ఎవరెవరిని తీసేశారో, ఎందుకు తీసేశారో గ్రూపులోనే అడగండి. జవాబు రాకపోయినా, మీ ప్రశ్నే మాయమైనా, ఆ గ్రూపులో మీ రెజ్యూమె పెట్టకండి.